బాస్కెట్ దగ్గర్నుంచి వెనక్కి లెక్క వేయాలి

సంపాదకులకు నమస్కారం.

క్రీడా పేజీల్లో డిస్క్ గోల్ఫ్ గురించి వచ్చే పరిచయ వ్యాసాలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. ఫ్రిస్బీ లాంటి డిస్క్, గొలుసులు వేలాడే బాస్కెట్, తక్కువ విసుర్లలో ముగించినవారిదే గెలుపు. ఆ వెంటనే ఎవరు ఎన్ని మీటర్లు విసిరారన్న ముచ్చట. అది చదివిన కుర్రాళ్లు నేరుగా వెళ్లి అన్నిటికంటే వేగమైన డ్రైవర్, అంటే దూరం విసరడానికి వాడే డిస్క్, కొనుక్కొస్తారు. నెల తిరక్కుండానే ‘ఎలా విసిరినా ఎడమకే పోతోంది’ అని విసుగొచ్చి దాన్ని మూలన పడేస్తారు. ఏ హోల్‌కు, అంటే మొదటి విసురు చోటు నుంచి బాస్కెట్ దాకా ఉన్న ఏ దారికి, ఏ డిస్క్ తీయాలి, దాన్ని ఏ వాలులో వదలాలి అన్న ఎంపికే ఈ ఆటకు ప్రాణం. ఆ ఊసు ఎక్కడా కనబడదు కనుక ఈ ఉత్తరం కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. జాగా చూసుకుని వేయండి.

ఇక్కడ ఎడమ, కుడి అని చెప్పేవన్నీ కుడిచేతి వాటం వారి బ్యాక్‌హ్యాండ్‌కు, అంటే చేతిని ఒంటికి అడ్డంగా ఎడమకు తీసుకెళ్లి విసిరే విసురుకు. అలా విసిరిన డిస్క్, పైనుంచి చూస్తే, గడియారం ముళ్లు తిరిగే దిశలో తిరుగుతుంది. అదే చేత్తో ఫోర్‌హ్యాండ్, అంటే కుడిపక్క నుంచి, విసిరితే తిరుగుడు తారుమారవుతుంది, దాంతో దిక్కులూ మారతాయి. ఎడమచేతి వాటం వారు ఈ ఉత్తరాన్ని అద్దంలో పెట్టి చదువుకోవాలి, తప్పదు.

చాలా డిస్కుల మీద నాలుగు అంకెలు ఉంటాయి. స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. స్పీడ్ అంటే ఆ డిస్క్ ఎంత వేగంగా పోతుందని కాదు, అది చెప్పినట్టు ఎగరాలంటే మీరు ఎంత వేగంగా విసరాలని. గ్లైడ్ గాలిలో తేలే గుణం. టర్న్ వేగం ఉన్నంతసేపు కుడికి వాలే గుణం. మైనస్ అంకె పెద్దదైనకొద్దీ ఎక్కువ వాలుతుంది. ఫేడ్ వేగం చచ్చాక ఎడమకు జారే గుణం. ఇనోవా కంపెనీ అవియార్ పుటర్‌కు (బాస్కెట్ దగ్గర వాడే నెమ్మది డిస్క్) 2, 3, 0, 1 అని ఉంటుంది. లెపర్డ్‌కు 6, 5, −2, 1. టీబర్డ్‌కు 7, 5, 0, 2. ఫైర్‌బర్డ్‌కు 9, 3, 0, 4. డిస్ట్రాయర్‌కు 12, 5, −1, 3. ఎడమకు జారే స్వభావం గట్టిగా ఉన్నవాటిని ఓవర్‌స్టేబుల్ అనీ, కుడికి తేలిగ్గా వాలేవాటిని అండర్‌స్టేబుల్ అనీ అంటారు.

ఈ అంకెల్ని వేదవాక్కుగా తీసుకోకూడదు. ఆటకు నియమాలు పెట్టే ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్, అంటే పీడీజీఏ, డిస్క్ కొలతల్నీ బరువునీ పరీక్షిస్తుంది గానీ ఎగిరే తీరుకు అంకెలు వేయదు. అవి ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకునేవే. ఒకే అచ్చులో పోసిన డిస్క్ కూడా ప్లాస్టిక్ మారితే వేరుగా ఎగురుతుంది. చవక ప్లాస్టిక్ చేతికి బాగా పట్టు ఇస్తుంది, కానీ చెట్లకు తగిలి తగిలి త్వరగా అరిగిపోయి కుడికి వాలడం మొదలుపెడుతుంది. ఇదేమీ నష్టం కాదు. అరిగిన టీబర్డ్ ఒకటి, కొత్త టీబర్డ్ ఒకటి సంచిలో ఉంటే రెండు వేర్వేరు డిస్కులు ఉన్నట్టే, పైగా రెంటికీ చేతిలో పట్టు ఒకటే. బరువుకు మాత్రం నియమం కచ్చితం. డిస్క్ వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు, మొత్తం 200 గ్రాములు దాటకూడదు. 21 సెంటీమీటర్ల డిస్క్‌కు లెక్కేస్తే 174 గ్రాములు వస్తుంది. డ్రైవర్లు 175 దగ్గరే ఆగిపోవడం అందుకే.

అసలు ఈ ఎంపిక అనే బెడద మొదట్లో అంతగా లేదు. గొలుసుల బాస్కెట్‌కు రూపమిచ్చిన ఎడ్ హెడ్రిక్ 1976లో పీడీజీఏను ప్రారంభించే నాటికి డిస్కులన్నీ గుండ్రటి అంచు మూతల్లాంటివే. 1983లో డేవ్ డునిపేస్ అంచును ఏటవాలుగా, పదునుగా మలిచిన డిస్క్ తెచ్చాక కథ మారింది. అంచు సన్నబడేకొద్దీ డిస్క్ గాలిని చీల్చుకుపోతుంది, అయితే విసిరే చేయి అంత వేగం ఇవ్వకపోతే మొరాయిస్తుంది.

ఎందుకు మొరాయిస్తుందో తెలిస్తే సగం తప్పులు పోతాయి. వేగం మీద ఉన్నప్పుడు గాలి ఒత్తిడి డిస్క్ ముక్కును, అంటే ముందు అంచును, కిందికి నొక్కాలని చూస్తుంది. కానీ తిరిగే వస్తువు మీద పడిన తోపుడు పడినచోట కాకుండా పావు చుట్టు అవతల బయటపడుతుంది. అందువల్ల ముక్కు దిగడానికి బదులు డిస్క్ కుడికి వాలుతుంది. వేగం తగ్గాక ఒత్తిడి ముక్కును పైకి ఎత్తాలని చూస్తుంది, డిస్క్ ఎడమకు వాలుతుంది. మొదటిది టర్న్, రెండోది ఫేడ్. పన్నెండో స్పీడ్ డిస్క్‌ను ఏడో స్పీడ్ చేత్తో విసిరితే మొదటి దశ రానేరాదు. చేతిలోంచి వదలగానే నేరుగా రెండో దశలో పడి ఎడమకు జారిపోతుంది. ఆ చేత్తోనే టీబర్డ్ విసిరితే ఇంకా దూరం, ఇంకా తిన్నగా పోతుంది. నా అభిప్రాయంలో ఏడో స్పీడ్ డిస్క్‌ను 90 మీటర్లు నిలకడగా విసరగలిగేదాకా డిస్ట్రాయర్ లాంటి డిస్టెన్స్ డ్రైవర్ జోలికి పోకూడదు. ఒక పుటర్, టీబర్డ్ లాంటి ఒక ఫెయిర్‌వే డ్రైవర్, వేగంలో ఆ రెంటికీ మధ్య ఉండే ఒక మిడ్‌రేంజ్ చాలు.

తప్పు డిస్క్‌దా, చేతిదా అన్నది కూడా చూసుకోవాలి. డిస్క్ పైకి లేచి, గాలిలో ఒక్క క్షణం ఆగినట్టై, ఎడమకు జారి పడుతుంటే ముక్కు పైకి ఉండగా వదులుతున్నట్టు. అంకెలు ఎన్ని మార్చినా ఆ జబ్బు పోదు. కూజాలోంచి నీళ్లు వంపుతున్నట్టు మణికట్టును కిందికి వంచి విసరాలి, బరువు వెనక కాలి మీద మిగిలిపోకుండా చూసుకోవాలి. ముక్కు సరిగ్గా దిగాకనే డిస్కుల్ని పోల్చి చూడటానికి అర్థం ఉంటుంది.

ఇక హోల్ దగ్గరకు వద్దాం. టీ మీద, అంటే మొదటి విసురు విసిరే చోట, నిలబడగానే చాలామంది చూపు ఎదురుగా ఉన్న ఖాళీ మీద పడుతుంది. చూడాల్సింది బాస్కెట్ చుట్టూ ఉన్న నేలను. డిస్క్ ఎక్కడ ఆగితే తర్వాతి విసురు సులువు? ఏ వైపు తప్పితే ప్రమాదం? ఏ వైపు తప్పినా ఫర్వాలేదు? ఆగాల్సిన చోటు తేలితే అక్కడికి ఏ దిశ నుంచి, ఏ వాలులో దిగాలో తేలుతుంది. దిగే తీరు తేలితే డిస్క్ తేలుతుంది. దూరం చివరి లెక్క.

ఒక హోల్ తీసుకుందాం. బాస్కెట్ 85 మీటర్లలో ఉంది. మొదటి 50 మీటర్లు చెట్ల మధ్య సన్నటి దారి, ఆ తర్వాత దారి ఎడమకు వంగుతుంది. బాస్కెట్‌కు వెనక ఎనిమిది మీటర్లలో ఓబీ గీత, అంటే ఆట హద్దు. ఇక్కడ డిస్ట్రాయర్ తీస్తే రెండు విధాలా చెడుతుంది. చేతిలో వేగం లేకపోతే 30 మీటర్ల దగ్గరే ఎడమ చెట్లలో దూరుతుంది. వేగం ఉంటే బాస్కెట్ దాటి, నేల మీద జారి, గీత అవతల పడుతుంది. ఇక్కడికి టీబర్డ్ సరిపోతుంది. ఛాతీ ఎత్తులో ఫ్లాట్‌గా వదిలితే సింహభాగం తిన్నగా పోయి, వేగం తగ్గాక ఎడమకు మళ్లుతుంది. దారి వంపూ డిస్క్ వంపూ ఒకేచోట కలుస్తాయి. మీ టీబర్డ్ 100 మీటర్లు పోతుందనుకోండి, మెల్లగా విసరాలని చూడకండి. మెల్లగా విసిరితే ఫేడ్ ముందే వచ్చేస్తుంది. ఒక మెట్టు కిందికి దిగి మిడ్‌రేంజ్ తీసి మామూలు వేగంతోనే విసరండి.

అదే హోల్ కుడికి వంగితే రెండు దారులున్నాయి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగుదాం. ఒకటి ఫోర్‌హ్యాండ్. డిస్క్ తిన్నగా పోయి, చివర్లో కుడికి కొక్కెంలా తిరుగుతుంది, దిగాక కూడా కుడికే జారుతుంది. రెండోది లెపర్డ్ లాంటి అండర్‌స్టేబుల్ డిస్క్‌ను బ్యాక్‌హ్యాండ్‌తో కుడి అంచు కొంచెం కిందికి వంచి వదలడం. దీన్ని యాన్‌హైజర్ అంటారు. ఇది మొదట్నుంచీ చివరిదాకా నెమ్మదిగా కుడికి వంగుతూ పోతుంది, దిగాక పెద్దగా జారదు. కాబట్టి వంపు చివర్లో ఒక్కసారిగా వస్తే ఫోర్‌హ్యాండ్, దారంతా కొద్దికొద్దిగా వంగుతుంటే యాన్‌హైజర్. దీన్ని తిరగేస్తే, చివరి మలుపు కోసం యాన్‌హైజర్ విసిరినవారు మలుపుకు ముందే కుడి చెట్లలో పడతారు. నిడుపాటి వంపులో ఫోర్‌హ్యాండ్ విసిరినవారు తిన్నగా పోయి ఎడమ చెట్లను కొడతారు. ఎత్తు సంగతీ ఉంది. యాన్‌హైజర్ పూర్తి కావాలంటే గాలిలో ఎత్తు కావాలి. కొమ్మలు కిందికి వాలి ఉంటే అది నేలను తాకి, అంచు మీద దొర్లుకుంటూ పోతుంది. ఫోర్‌హ్యాండ్ తక్కువ ఎత్తులో కూడా పని కానిస్తుంది.

ఫోర్‌హ్యాండ్‌కు కొత్తవారు తేలికగా ఎగిరే డిస్క్ తీసుకుంటారు. అది పొరపాటు. ఆ విసురులో అరచేయి చివర్లో కిందికి తిరిగిపోవడం సహజంగా జరిగే తప్పు. అలా తిరిగితే డిస్క్ వణుకుతూ ఎడమకు తిరగబడి నేల కొడుతుంది. అండర్‌స్టేబుల్ డిస్క్ ఆ తప్పును పెంచుతుంది, ఫైర్‌బర్డ్ లాంటి ఓవర్‌స్టేబుల్ డిస్క్ సహిస్తుంది. అరచేయి ఆకాశం వైపు ఉండగానే వదలడం అలవాటయ్యేదాకా ఫైర్‌బర్డే నయం.

ఎటూ వంగని, పొడవాటి, ఇరుకు దారి అన్నిటికంటే కష్టం. తిన్నగా పోయే డిస్క్ అంటూ నిజానికి ఏదీ లేదు. 60 మీటర్ల లోపైతే పుటరో మిడ్‌రేంజో ఫ్లాట్‌గా విసరడం మేలు, అవి తప్పినా కొద్దిగానే తప్పుతాయి. అంతకు మించితే హైజర్ ఫ్లిప్ అనే ఉపాయం ఉంది. లెపర్డ్‌ను ఎడమ అంచు పది పదిహేను డిగ్రీలు కిందికి వంచి పూర్తి వేగంతో వదలాలి. కుడికి వాలే గుణం ఆ వంపును సరిచేసి డిస్క్‌ను ఫ్లాట్‌గా నిలబెడుతుంది, అక్కణ్నుంచి చాలా దూరం తిన్నగా తేలుతుంది. వేగం చాలకపోతే నిలబడక ఎడమకే పోతుంది. ఎదురుగాలి ఉంటే నిలబడటం దగ్గర ఆగకుండా కుడికి తిరగబడుతుంది. ఇరుకు దారిలో లెక్కలోకి తీసుకోవాల్సిన ఖాళీ మీకు అన్నిటికంటే దగ్గరున్నది. పది మీటర్ల దూరంలో ఉన్న రెండు చెట్ల మధ్య నుంచి డిస్క్ బయటపడకపోతే మిగతా ప్రణాళిక అంతా కాగితం మీదే.

దారికి అడ్డంగా ఎత్తైన చెట్లుంటే ఓవర్‌స్టేబుల్ డిస్క్‌ను ఎడమ అంచు బాగా కిందికి వంచి, పైకి ఎత్తి విసిరే స్పైక్ హైజర్ ఉంది. అది నిటారుగా దిగి నేలలో గుచ్చుకున్నట్టు ఆగుతుంది. చేతిని తలపైనుంచి తిప్పి విసిరే టొమాహాక్, థంబర్ కూడా చెట్లను దాటిస్తాయి గానీ భుజం మీద భారం ఎక్కువ. ఒళ్లు వేడెక్కకుండా మొదటి హోల్‌లోనే వాటి జోలికి పోవద్దు.

గాలి గురించి వినిపించే సలహా ‘ఎదురుగాలిలో గట్టిగా విసరు’ అని. సరిగ్గా అదే చేయకూడదు. డిస్క్‌కు నేల మీద వేగంతో పనిలేదు, తన మీదుగా పోయే గాలి వేగమే లెక్క. ఎదురుగాలిలో ఆ వేగం పెరుగుతుంది కనుక ప్రతి డిస్కూ మామూలు కంటే ఎక్కువ కుడికి వాలుతుంది. గట్టిగా విసిరితే ఇంకా వాలుతుంది. ఒక మెట్టు ఓవర్‌స్టేబుల్ డిస్క్ తీసుకుని, తక్కువ ఎత్తులో, నిదానంగా విసరాలి. వెనకగాలిలో ఈ లెక్కంతా తారుమారవుతుంది. డిస్క్ త్వరగా ఎడమకు జారుతుంది, త్వరగా కిందికీ దిగుతుంది. అందుకని అండర్‌స్టేబుల్ డిస్క్‌ను కాస్త ఎత్తుగా వదలాలి. పక్కగాలికి డిస్క్ పొట్ట ఎటు ఉందో చూడాలి. ఎడమ అంచు కిందికి ఉన్న హైజర్‌లో పొట్ట కుడివైపు ఉంటుంది. కుడినుంచి వచ్చే గాలి దాన్ని ఎత్తి ఎడమకు మోసుకుపోతుంది, ఎడమనుంచి వచ్చే గాలి వీపు మీద తగిలి నేలకు నొక్కేస్తుంది. యాన్‌హైజర్‌కు ఇదంతా తలకిందులు. గడ్డి పరకలు ఎగరేసి చూడటం మంచిదే, కానీ అది మీ నడుము ఎత్తులో గాలిని మాత్రమే చెబుతుంది. డిస్క్ పోయే ఎత్తులో కొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూడండి. సముద్రమట్టానికి చాలా ఎత్తున్న ప్రాంతాల్లో గాలి పలచన కావడంతో డిస్కులన్నీ కాస్త ఓవర్‌స్టేబుల్‌గా ప్రవర్తిస్తాయి. అక్కడికి కొత్తగా వెళ్లినవారు ఒక మెట్టు అండర్‌స్టేబుల్ డిస్క్ దగ్గరుంచుకోవాలి.

ఎత్తుపల్లాలకు ఒక ఉజ్జాయింపు లెక్క వాడుకలో ఉంది. ఒక మీటరు ఎత్తుకు మూడు మీటర్ల దూరం కలపాలి, పల్లానికి అంతే తీసేయాలి. 70 మీటర్ల హోల్ ఐదు మీటర్లు ఎగువకు ఉంటే దాన్ని 85గా ఆడాలి. ఎగువకు విసిరేటప్పుడు డిస్క్ త్వరగా వేగం కోల్పోయి ముందే ఎడమకు జారుతుంది కనుక అండర్‌స్టేబుల్ నయం. చూపు పైకి ఉండటంతో ముక్కు కూడా పైకి లేస్తుంది, జాగ్రత్త. దిగువకు విసిరేటప్పుడు డిస్క్ చాలాసేపు గాలిలో ఉంటుంది, టర్న్‌కూ ఫేడ్‌కూ గాలికీ పని చేయడానికి బోలెడు సమయం దొరుకుతుంది. గ్లైడ్ తక్కువున్న మిడ్‌రేంజో పుటరో తీసుకుని, నేల వాలుకు సమాంతరంగా విసరాలి.

నేల కూడా ఆటలో భాగమే. గట్టి నేల మీద ఫైర్‌బర్డ్ తక్కువ ఎత్తులో దిగితే ఎడమకు పది మీటర్లు జారినా ఆశ్చర్యం లేదు. దట్టమైన గడ్డిలో అదే డిస్క్ పడినచోటే ఆగుతుంది. అందుకే ఓబీ గీత ఎటువైపు ఉందో చూసి, డిస్క్ చివర్లో దానికి ఎదురు దిశలో జారే విసురునే ఎంచుకోవాలి. ఎడమన ఓబీ ఉంటే ఫోర్‌హ్యాండ్, కుడిన ఉంటే బ్యాక్‌హ్యాండ్. గీత మీదుగా బయటికి పోయి తిరిగి లోపలికి రావాల్సిన విసురు మాత్రం వేరే లెక్క. అది తిరిగి రాకపోతే చివరిసారి గీత దాటిన చోటు టీకి దగ్గర్లోనే ఉండొచ్చు. నియమం ప్రకారం ఒక విసురు జరిమానా కట్టి, ఆ దాటిన చోటునుంచో, వెనక్కి వెళ్లి పాత చోటునుంచో ఆడాలి. నిర్వాహకులు డ్రాప్ జోన్, అంటే తిరిగి ఆడటానికి గుర్తుపెట్టిన జాగా, పెట్టిన చోట అదీ ఒక దారి.

బాస్కెట్ ఏటవాలు మీద ఉంటే రెండో విసురు సంగతి ముందే ఆలోచించాలి. గొలుసులకు తగలని పుట్, అంటే దగ్గర్నుంచి బాస్కెట్‌లోకి వేసే విసురు, అంచు మీద నిలబడి పల్లంలోకి దొర్లిపోతే ఒకటి పోవాల్సిన చోట మూడు పోతాయి. అలాంటి హోల్‌లో టీ నుంచే బాస్కెట్‌కు పల్లం వైపు ఆగేలా డిస్క్ ఎంచుకుంటే పుట్ ఎగువకు పడుతుంది, తప్పినా బాస్కెట్‌కు దగ్గర్లోనే ఆగే అవకాశం ఎక్కువ. ఎగువనే చిక్కుకుపోయి, తొమ్మిది పది మీటర్ల పుట్ దిగువకు వేయాల్సి వస్తే, ఎదురుగాలి కూడా ఉంటే, బాస్కెట్ కిందికి మెల్లగా జార్చి తర్వాతి విసురుతో ముగించడం నామోషీ కాదు. ఎదురుగాలి పుట్‌ను పైకి లేపేస్తుంది, లేచిన డిస్క్ బాస్కెట్ మీదుగా పల్లంలోకి పోతుంది.

తీరికగా ఇదంతా ఆలోచించడానికి సమయం ఎక్కడిదని అడగొచ్చు. మీ వంతు వచ్చి దారి ఖాళీ అయ్యాక 30 సెకన్లే ఇస్తారు. కాబట్టి ఆలోచన ముందువారు విసిరేటప్పుడే జరగాలి. వారి డిస్క్ మధ్యలో ఎటు ఊగిందో చూస్తే గాలి సంగతి ఉచితంగా తెలుస్తుంది. అయితే వారు తీసిన డిస్క్ చూసి మీరూ అదే తీయకండి. వారి చేతి వేగం మీది కాదు. వాన పడిన రోజున ఇంకో మెట్టు తగ్గాలి. తడి అంచు వేళ్లలోంచి ముందే జారుతుంది, జారితే డిస్క్ అనుకున్న గీతకు కుడినో ఎడమనో వెళ్లి చెట్లలో మాయమవుతుంది, వెతకడానికి ఇచ్చేది మూడు నిమిషాలే. వేగమైన డ్రైవర్‌ను సంచిలోనే ఉంచి, చేతికి బాగా పట్టే చవక ప్లాస్టిక్ మిడ్‌రేంజ్ తీయండి. పొడి తువ్వాళ్లు రెండు పెట్టుకోండి, ఒకటి చేతికి, ఒకటి డిస్క్‌కు.

ఇట్లు,
ఒక డిస్క్ గోల్ఫ్ ఆటగాడు